పాత దూలాలు, కొత్త అలమరాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంటి సామాను కొనేటప్పుడు మన నేలకు, గాలికి, చేతిపనివారికి మేలు జరిగేలా ఎంచుకోవడం ఎలాగన్న విషయంపై ప్రశ్నలు పంపమని గత సంచికలో అడిగాము. అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. కొన్నింటిని క్లుప్తంగా ముగించాను. మొదటి రెండింటికి మాత్రం చోటు ఎక్కువ తీసుకున్నాను, ఎందుకంటే అవి ఒక్క ఇంటి సమస్యలు కావు.

ప్రశ్న: ఉరవకొండ దగ్గర మా సొంతూళ్ళో తాతగారి నాటి మిద్దె ఉంది. పైకప్పు కురుస్తున్నందున ఈ వేసవిలో దించేయాలని అన్నదమ్ములం నిర్ణయించుకున్నాము. పాత కట్టెల వ్యాపారి ఒకరు వచ్చి దూలాలు, దంతెలు (దూలాల మీద అడ్డంగా పరిచే సన్న కర్రలు), స్తంభాలు, తలుపులు అన్నిటికీ కలిపి గంపగుత్తగా ఒక ధర చెప్పారు. అనంతపురంలో కట్టుకున్న కొత్త ఇంటికి మంచాలు, భోజనాల బల్ల, అలమరాలు కావాలి. పాత కట్టెతో తంటాలు పడేకంటే కొత్తవి కొనుక్కోవడమే నయమని మా అమ్మాయి అంటోంది. ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: వ్యాపారికి మాట ఇవ్వకముందు నమ్మకమైన వడ్రంగిని ఒకరిని వెంటబెట్టుకుని ఆ ఇంటికి ఒక పూట వెళ్ళి రండి. గంపగుత్త బేరంలో నష్టపోయేది దాదాపు ఎప్పుడూ ఇంటివారే, ఎందుకంటే మట్టి కింద, మసి కింద ఉన్నది ఏ కట్టెయో అమ్మేవారికి తెలియదు, కొనేవారికి తెలుసు. మన మిద్దెల్లో దూలాలకు, స్తంభాలకు స్తోమత ఉన్నవారు టేకు వాడారు, మిగిలినవారు వేప, తుమ్మ, చింత వంటి ఊరి చెట్లనే వాడారు. వీటిలో ఏదైనా సరే, చేవ (చెట్టు నడుమ ఉండే గట్టి భాగం) ఉన్న కట్టె అయితే దాని ఆయుష్షు ఆ ఇంటితో తీరిపోదు.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. సుత్తి పిడితో దూలం పొడవునా కొట్టుకుంటూ పోతే గట్టి చోట ఖంగుమంటుంది, చెద తిన్నచోట డొల్లగా పలుకుతుంది. గోడలోకి దూరిన రెండు కొసలనూ ఉలి మొనతో గుచ్చి చూడాలి, ఎందుకంటే చెమ్మ, చెదలు ముందు పట్టుకునేది ఆ కొసలనే. అక్కడ ఒక అడుగు పుచ్చిపోయిందని దూలమంతా పనికిరాదనుకోకండి, ఆ మేరకు కోసేసి మిగిలినది వాడుకోవచ్చు. ఆ తర్వాత ఒక్కో దూలానికి కొలత వేయండి. 12 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం ఉన్న దూలంలో 4 ఘనపుటడుగుల కట్టె ఉంటుంది. కోతలో పోయే తరుగును వడ్రంగి అంచనా వేసి చెప్తాడు. ఇలా అన్నిటినీ లెక్కగట్టి, అదే రకం కొత్త కట్టెకు ఈనాడు అనంతపురంలో ఉన్న ధరతో పోల్చి చూసినప్పుడు ఆ వ్యాపారి చెప్పిన మొత్తం ఎక్కువో తక్కువో మీకే అర్థమవుతుంది.

పాత కట్టెకున్న పెద్ద గుణం ఏమిటంటే అది ఆరవలసినంతా ఆరిపోయి ఉండటం. సరిగా ఆరని కొత్త కట్టెతో చేసిన తలుపులు, బల్లలు మన ఎండలకు కుంచించుకుపోయి, పలకల మధ్య సందులు పడి, కొన్ని వంకర తిరుగుతాయి. చిన్న వయసులోనే నరికిన తోటల టేకులో చేవ తక్కువ, పైనున్న తెల్లకట్టె ఎక్కువ, చెదలకు ఇష్టమైనది ఆ తెల్లకట్టే. మీ తాతగారి దూలాలు ఎన్నో వేసవులను, వానాకాలాలను చూసి నిలదొక్కుకున్నవి. తాడిపత్రి వైపు మా బంధువుల ఇంట్లో దించిన ఒక వేప దూలాన్ని చిత్రిక పట్టేటప్పుడు నేను పక్కనే కూర్చుని చూశాను. వంటింటి పొగకు పట్టిన మసి వేలికి అంటుకునేంత మందంగా ఉండేది. చిత్రిక మూడుసార్లు నడిచేసరికి ఆ నలుపంతా పొరలు పొరలుగా లేచిపోయి కింద ఎర్రటి చేవ బయటపడింది, పొట్టు రాలుతుంటే చేదు వాసన వచ్చింది. ఆ దూలం ఇప్పుడు వారింట్లో ఆరుగురు కూర్చునే బల్ల అయింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పాత కట్టెలో విరిగిన మేకులు దాగి ఉంటాయి, అవి తగిలితే రంపపు బ్లేడు పాడవుతుందన్న భయంతోనే కోత మిల్లువాళ్ళు పాత కట్టెను వద్దంటారు. పాడైన స్పీకరులోని అయస్కాంతాన్ని కట్టె మీద నెమ్మదిగా నడిపితే మేకు ఉన్నచోట పట్టుకుంటుంది, అక్కడ సున్నంతో గుర్తు పెట్టి ముందుగా అన్నీ పీకించండి. రెండవది ఇంతకంటే ముఖ్యమైనది. పాత తలుపుల మీది రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమలులోకి వచ్చింది, మీ తలుపుల రంగు అంతకు చాలా ముందుది. దానిని పొడిగా గీకినా, మంటతో కాల్చి ఊడదీసినా సీసం గాలిలో కలుస్తుంది, పిల్లల మెదడుకు అది చేసే చెరుపు తిరిగి బాగుచేయలేనిది. కాబట్టి తడిపి మాత్రమే రుద్దించండి, పనివారు ముక్కుకు దుమ్మును అడ్డే మంచి మాస్కు కట్టుకోవాలి, ఆ పని జరిగే చోటికి పిల్లలను, గర్భిణులను రానివ్వకండి. రంగు అంటిన ముక్కలను నీళ్ళ పొయ్యిలో పెట్టడం మన ఇళ్ళలో అలవాటు, అది మాత్రం అస్సలు చేయవద్దు.

పైపూతకు అవిసె నూనె గానీ, చపడా లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ గానీ చాలు. ఈ పూతలు మాసినప్పుడు మళ్ళీ ఇంట్లోనే వేసుకోవచ్చు. అవిసె నూనెతో తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకండి, వాటిలో వాటికే వేడి పుట్టి అంటుకుంటాయి. బయట పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళలో ముంచి ఉంచాలి.

మీ అమ్మాయి అన్న మాటలో నిజం కొంత ఉంది, ఈ పనికి కూలీ ఎక్కువవుతుంది, ఓపిక కూడా కావాలి. అయితే ఆ ఖర్చు మన ఊరి వడ్రంగికి చేరుతుంది, కొత్తగా ఏ చెట్టూ కూలదు. ఆరిన కట్టె బరువులో దాదాపు సగం కర్బనమే, అది బల్లగా ఉన్నంతకాలం ఇంట్లో ఉంటుంది, పొయ్యిలో పెడితే పొగై పోతుంది. నా మాట వింటే దూలాలను, స్తంభాలను, ద్వారబంధాన్ని ఉంచుకోండి, దంతెల్లో సన్నవి, పుచ్చినవి మాత్రమే అమ్మేయండి. దూలాలను మరీ సన్నగా చీల్పించకండి, లావు కట్టెను లావుగా వాడితేనే దాని బలం దక్కుతుంది.

ప్రశ్న: రెండు నెలల కిందట వంటింటికి, పడక గదికి బోర్డులతో కొత్త అలమరాలు పెట్టించాము. అప్పటి నుంచి తలుపు తీస్తే ఘాటు వాసన, మా ఎనిమిదేళ్ళ బాబుకు కళ్ళ మంటలు. వేసవి మొదలయ్యాక ఇంకా ఎక్కువైంది. పీకేయమంటారా? చెల్లెలు ఇల్లు కట్టుకుంటోంది, తనకు ఏం చెప్పాలి? (ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: అమ్మా, ముందు బాబును ఆ గదిలో పడుకోబెట్టకండి. కళ్ళ మంట, దగ్గు తగ్గకపోతే వైద్యునికి చూపించి, ఇంట్లో కొత్త అలమరాలు పెట్టిన సంగతి తప్పక చెప్పండి.

పార్టికల్ బోర్డును, ఎం.డి.ఎఫ్.ను కట్టె పొట్టు, నార కలిపి ఒత్తి తయారుచేస్తారు. వాటిని పట్టి ఉంచే జిగురు సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్. ఆ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా వెలువడుతూనే ఉంటుంది. కళ్ళను, ముక్కును, గొంతును మండించే గుణం దానిది. 2004లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ దానిని మనుషుల్లో క్యాన్సరు కలిగించే పదార్థంగా వర్గీకరించింది. వేడి, తేమ పెరిగినకొద్దీ అది ఎక్కువగా వెలువడుతుంది. నలభై డిగ్రీలు దాటే కర్నూలు ఎండల్లో తలుపులు, కిటికీలు మూసుకుని కూర్చున్న ఇంట్లో వాసన ఎందుకు పెరిగిందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

వెంటనే పీకేయనవసరం లేదు. అలమరాలను ఖాళీ చేసి తలుపులు తీసి ఉంచండి. తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక కిటికీలు తెరిచి, బయటికి గాలి తోసే ఫ్యాను తిప్పండి. దుప్పట్లు, పిల్లల బట్టలు ప్రస్తుతానికి వాటిలో పెట్టవద్దు, బట్ట ఆ వాయువును పీల్చుకుంటుంది. తర్వాత అలమరాల వెనుక భాగాన్ని, లోపలి అంచులను, మరలకు వేసిన రంధ్రాలను చూడండి. ముందువైపు నున్నటి పొర అతికించి, కనబడని చోట్ల బోర్డును పచ్చిగా వదిలేసి ఉంటారు, వాయువు ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే. ఆ అంచులన్నిటికీ పట్టీ అతికించమని, పచ్చిగా ఉన్న వెనుక భాగానికి పొర వేయమని పనివారిని పిలిపించి అడగండి, అది వారి పనిలో భాగమే. గదిలో రెండు మొక్కలు పెడితే విషవాయువు పోతుందన్న ప్రచారాన్ని నమ్మకండి, తెరిచిన కిటికీ చేసే పనిలో అవి ఏ మూలకూ రావు.

ఇక మీ చెల్లెలి సంగతి. బోర్డు తప్పనిసరి అయితే ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదే తీసుకోవాలి. ఫార్మాల్డిహైడ్ తక్కువగా వెలువడే ఇ-1, ఇ-0 తరగతి బోర్డు కావాలని అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. నీళ్ళు తగిలే చోట్లకు ఐ.ఎస్. 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ వాడాలి, దానిలోని జిగురు వేరు రకం, తేలిగ్గా విడివడదు, వాయువు కూడా చాలా తక్కువ. అయితే నేను ఇచ్చే మొదటి సలహా ఇది కాదు. గోడలోనే గూళ్ళు కట్టించి, కడప బండలతోనో, బేతంచెర్ల బండలతోనో అరలు వేయించి, ముందు కట్టె తలుపులు మాత్రం పెట్టించుకోమనండి. మన అమ్మమ్మల వంటిళ్ళలో ఉన్న పద్ధతే ఇది. చెదలు తినవు, నీళ్ళకు ఉబ్బదు, వాసన రాదు. 2009 అక్టోబరు వరద తర్వాత కర్నూలు వీధుల్లో పడేసిన సామాను చూసినవారికి గుర్తుండే ఉంటుంది, బోర్డు అలమరాలు నానిన అటుకుల్లా విచ్చుకుపోయి కుప్పలుగా పడి ఉంటే, అదే ఇళ్ళలోని బండ అరలను చీపురుతో కడిగి మళ్ళీ డబ్బాలు సర్దుకున్నారు.

బండ అర వేయించేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంగుళం మందం ఉన్న కడప బండ దాదాపు 28 కిలోల బరువు ఉంటుంది. దాని కొసలు గోడలోకి రెండు మూడు అంగుళాలైనా దిగాలి, మూడడుగులకు మించిన అరకు మధ్యలో నిలువు బండ ఆధారంగా ఇవ్వాలి, లేకపోతే బరువుకు విరుగుతుంది. రాయి తీయడం కూడా నేలకు భారమే. బేతంచెర్ల, యర్రగుంట్ల వైపు గనుల చుట్టూ గుట్టలు పడిన ముక్కరాళ్ళను చూసిన ఎవరైనా ఆ మాట ఒప్పుకుంటారు. అందుకే చిన్న అరలకు పెద్ద బండలను కోయించకుండా, పాలిష్ యూనిట్లలో మిగిలిన ముక్క బండలను అడిగి తీసుకోమనండి. ధరా తగ్గుతుంది, గుట్టలో ఒక రాయీ తగ్గుతుంది.

ప్రశ్న: తెలిసినవారొకరు తక్కువ ధరకు ఎర్రచందనంతో దేవుని మందిరం చేయించి ఇస్తామంటున్నారు. ఇంట్లో వాడుకునేందుకే కదా, తప్పేమైనా ఉందా? (ఒక పాఠకుడు, కడప)

జవాబు: వద్దు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ప్రధానంగా మన శేషాచలం, పాలకొండ, వెలిగొండ, నల్లమల కొండల్లోనే. అంతరించిపోయే ప్రమాదం ఉన్నందున 1995 నుంచి దానిని సైట్స్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండవ అనుబంధంలో ఉంచారు. అనుమతి పత్రాలు లేకుండా ఆ కట్టెను దగ్గర ఉంచుకోవడమే నేరం, ఇంట్లో వాడుకున్నామంటే చెల్లదు. తక్కువ ధర అన్న మాటే ఆ కట్టె ఎలా వచ్చిందో చెబుతోంది. దొంగతనంగా కొండ దిగిన కట్టెతో దేవునికి గూడు కట్టడం మీ మనసుకు కూడా నచ్చదని నా నమ్మకం. ముదురు వేప చేవతో మందిరం చక్కగా వస్తుంది, చెక్కడానికి అనువుగా ఉంటుంది, చెదలు దరి చేరవు.

ప్రశ్న: మా చేల గట్ల నిండా కంపచెట్లే. బొగ్గుకు తప్ప దేనికీ పనికిరావని అందరూ అంటారు. సామానుకు వాడవచ్చా? (ఒక రైతు, కమలాపురం ప్రాంతం)

జవాబు: ఈ ప్రశ్న మీ ఊరి నుంచి రావడం నాకు చాలా సంతోషం కలిగించింది. సర్కారు తుమ్మ అని మనం పిలిచే ఈ చెట్టు అమెరికా ఖండాలది. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను మీ కమలాపురంలోనే నాటించారు, మన దేశంలో దాని తొలి నాట్లలో అది ఒకటి. ఇప్పుడది చెరువులను, బీళ్ళను కమ్మేసిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

దాని కట్టె నిజానికి చాలా మంచిది. గట్టిది, బరువైనది, ఆరేటప్పుడు కుంచించుకుపోవడం చాలా తక్కువ. ఇదే కుటుంబానికి చెందిన చెట్ల కట్టెతో అర్జెంటీనాలో, టెక్సాస్‌లో విలువైన బల్లలు, నేల పలకలు చేస్తారు. మన దగ్గర చిక్కంతా వంకరతనం, ముళ్ళు, సన్నపు మొదళ్ళు. వరుసగా నరుకుతూ రావడంతో చెట్టు పొదలా పెరుగుతోంది. మీ గట్టున జబ్బంత లావు మొదలు ఉన్న చెట్లను ఎంచి, మూడడుగుల ముక్కలుగా కోయించి, కొసలకు మైనమో రంగో పూసి, నీడలో దొంతరగా పేర్చి ఆరనివ్వండి. పీటలకు, ముక్కాలి పీటల కాళ్ళకు, కూరగాయలు తరిగే పలకలకు, కొడవలి పిడులకు వాడి చూడండి. పెద్ద బల్ల కావాలనుకుంటే సన్న పలకలను పక్కపక్కన అతికించే వడ్రంగి దొరకాలి. ఈ ఒక్క కట్టె విషయంలో ఎంత నరికినా అడవికి నష్టమన్న బాధ లేదు.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉపాధ్యాయినిని. మూడు నాలుగేళ్ళకొకసారి బదిలీ, అద్దె ఇల్లు. ప్రతిసారీ సామాను సగం విరుగుతోంది. నాలాంటివారు ఏవి కొనాలి? (అనంతపురం)

జవాబు: కొనబోయే వస్తువును చూసినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి, ఇది విరిగిన రోజున దీన్ని బాగుచేసే మనిషి నేను ఉండే ఊళ్ళో దొరుకుతాడా? బోర్డులో బిగించిన మర ఒకసారి ఊడితే మళ్ళీ పట్టదు, అందుకే మీ సామాను బండి ఎక్కి దిగిన ప్రతిసారీ వదులవుతోంది. కట్టె మంచానికి బోల్టులు ఉంటే విప్పి తీసుకెళ్ళి మళ్ళీ బిగించుకోవచ్చు. ఇనుప బీరువాను వెల్డింగు చేసేవారు ప్రతి మండల కేంద్రంలోనూ ఉన్నారు, చివరకు పాత ఇనుముగానైనా అది మళ్ళీ కరిగి పనికి వస్తుంది. అనంతపురంలో పాత టేకు కుర్చీలు, బల్లలు అమ్మే దుకాణాలను ఒక ఆదివారం చూసి రండి, కొత్త బోర్డు బల్ల ధరకు గట్టివి దొరకవచ్చు.

పడకకు నవారు మంచం కంటే మంచిది మన ఎండలకు ఇంకొకటి లేదు. కింది నుంచి గాలి ఆడుతుంది, ఒకరే ఎత్తి బయట వేసుకోవచ్చు, వదులైతే కాళ్ళవైపు తాడు బిగిస్తే సరిపోతుంది. ప్లాస్టిక్ నవారు ఎండకు పెళుసెక్కి తెగుతుంది, నూలు నవారు అడిగి తీసుకోండి. ఫోము పరుపు కుంగితే చెత్తకుప్పకే పోతుంది, దూది పరుపు గడ్డకడితే మళ్ళీ ఏకించి కుట్టించుకోవచ్చు. దుప్పట్లకు, తెరలకు ఎమ్మిగనూరు చేనేత బట్ట తీసుకోండి. మాచాని సోమప్ప గారు అక్కడ నెలకొల్పిన నేతకారుల సహకార సంఘం వల్లనే ఆ ఊరి నేతకు పేరు వచ్చింది, ఆ మగ్గాలు ఆడాలంటే మన ఇళ్ళలో వాటి బట్ట కనబడాలి.

ప్రశ్న: కొత్త ఇంట్లో హాలుకు అలంకరణగా మన ప్రాంతపు వస్తువేదైనా పెట్టుకోవాలని ఉంది. ప్లాస్టిక్ పూలు, మెరుపు దీపాలు నాకు నచ్చవు. (ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు తయారుచేసే దీపపు తొడుగులను చూడండి. మేకతోలును శుభ్రం చేసి వెలుతురు పారేంత పలుచగా చేసి, ఉలితో చిన్న చిన్న చుక్కలు తొలిచి రంగులు అద్దుతారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలాట చూసేవారు తగ్గిపోయాక ఆ కుటుంబాలకు ఈ తొడుగులు, గోడ బొమ్మలే చాలావరకు బతుకుతెరువు అయ్యాయి. వీలైతే ఊరికే వెళ్ళి నేరుగా వారి చేతి నుంచే తీసుకోండి, బేరం గట్టిగా ఆడకండి. తొడుగు లోపల వేడెక్కే పాత రకం బల్బు పెడితే తోలు ముడుచుకుపోతుంది, తక్కువ వాట్ల ఎల్.ఇ.డి. బల్బు, అదీ పసుపు వెలుగుది పెట్టండి. వానాకాలంలో చెమ్మ పట్టిన గోడకు తగలకుండా ఒక జానెడు దూరంగా ఉంచి, నెలకొకసారి పొడి మెత్తని గుడ్డతో దుమ్ము తుడవండి. తడిగుడ్డ తగిలిస్తే రంగు కారిపోతుంది.